మలుపు తిరగడం విధాన నిర్ణయం

మా శాఖ పేరు సమన్వయ పర్యవేక్షణ శాఖ. శాఖల మధ్య సమన్వయం కుదర్చడానికి వేరే శాఖ ఉంది. అది సరిగ్గా కుదురుస్తోందా లేదా అని చూడటం మా పని. విజయనగరంలోని మా ప్రాంతీయ కార్యాలయంలో ఒక పెద్ద వరండా, పంతొమ్మిది మంది సిబ్బంది, ఒక జాయింట్ డైరెక్టరు, ఒక అటెండరు ఉన్నారు. నా పేరు కామేశం. ముప్ఫై ఆరేళ్ళు పనిచేసి సీనియర్ అసిస్టెంటునయ్యాను. జూన్ నెలాఖరుకు రిటైరవుతాను.

కిందటి నవంబరులో ప్రధాన కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రతి కార్యాలయానికీ ఫైళ్ళు మోసే రోబోను ఒకదాన్ని పంపుతున్నారు. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ మాత్రం ఎవరి కార్యాలయానికి తగ్గట్టు వాళ్ళే తయారుచేసుకోవాలి. అందుకోసం "తెలివైన చలన రోబోల సాఫ్ట్‌వేర్ వ్యవస్థల రూపకల్పన" అనే అంశం మీద విశాఖపట్నంలో పది రోజుల శిక్షణ, కార్యాలయానికి ఒకరు చొప్పున.

ఇంజనీరింగ్ చదివిన జూనియర్ అసిస్టెంట్లు మా దగ్గర ఇద్దరున్నారు. వాళ్ళ పేర్లు ఎవరికీ తట్టలేదు. శిక్షణకు పంపడం ఒక గౌరవం, గౌరవం సీనియారిటీ ప్రకారం దక్కాలి. జాబితాలో మొదటి పేరు నాది.

"కామేశం గారూ, ఈ పరిజ్ఞానాన్ని మీరు సమగ్రంగా ఆకళింపు చేసుకుని, కార్యాలయానికి చిరకాలం ఉపయోగపడే విధంగా వినియోగించవలసి ఉన్నది" అన్నారు జాయింట్ డైరెక్టరు పరాంకుశం గారు. మేమంతా జేడీ గారని పిలిచే ఆయన, ఇంట్లో భోజనానికి పిలిచినా అలాగే మాట్లాడతారు.

"సార్, నాకు ఏడు నెలలే సర్వీసుంది."

"కావుననే త్వరగా ఆకళింపు చేసుకోవలసి ఉన్నది."

సర్క్యులర్ చివర ఒక చిన్న పేరా ఉంది. రోబో ఎవరి సాయమూ లేకుండా ఫైళ్ళు అందించగలిగితే ఇక అటెండరు అక్కర్లేదు కాబట్టి, ఔట్‌సోర్సింగ్ అటెండరు సేవలను మార్చి 31 లోగా జాయింట్ డైరెక్టరు సంతకంతో రద్దు చేయాలి. ఆ తేదీలోగా సంతకం కాకపోతే సేవలు మరో ఏడాది వాటంతట అవే కొనసాగుతాయి.

మా అటెండరు గవరయ్య పద్నాలుగేళ్ళుగా ఔట్‌సోర్సింగే. ఆ పేరా అతనికి నేనే చదివి వినిపించాను. ఎవరో ఒకరు చెప్పాలి కదా.

"అయితే దానికి పని నేర్పేది మీరేనా బాబూ?"

"నేనే గవరయ్యా."

"ఇంకేటి మరి. మీ సేతిలో పడితే బాగానే నేర్సుకుంటాది" అని టీ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమైనా ఉందా అని సాయంత్రం దాకా ఆలోచించాను. లేదు. ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

విశాఖపట్నంలో మాకు పాఠం చెప్పిన అమ్మాయి పేరు నౌషీన్. మా క్లాసులో ఉన్న ఇరవై ఆరుగురిలో ఇరవై ముగ్గురం ఏడాదిలోపే రిటైరయ్యేవాళ్ళం. మిగతా ముగ్గురూ ఆపై ఏడాది. ఆ అమ్మాయి మమ్మల్ని చూసి, తెర మీద అక్షరాలు పెద్దవి చేసి, చెప్పడం మొదలుపెట్టింది.

"రోబో ముందు చూడాలి, తర్వాత ఆలోచించాలి, ఆ తర్వాత కదలాలి. మూడూ ఒకేచోట కలిపి రాస్తే గందరగోళం. అందుకని సాఫ్ట్‌వేర్‌ని భాగాలుగా చేస్తాం. ఒక్కో భాగానికి ఒక్కటే పని. భాగాలు ఒకదానికొకటి సందేశాలు పంపుకుంటాయి."

నా కళ్ళు మెరిశాయి. "అంటే ఆఫీసే కదమ్మా!"

"అవును సార్, చాలా మంచి పోలిక" అందా అమ్మాయి. తర్వాత ఆ మాట అన్నందుకు చాలా బాధపడిందని విన్నాను.

పదో రోజు పరీక్షలో నా సాఫ్ట్‌వేర్ బొమ్మ గీశాను. కెమెరా కన్ను చూసింది ముందు టపా విభాగానికి వస్తుంది, నంబరు పడుతుంది. పరిశీలనా విభాగం దాని మీద నోటు రాస్తుంది. సరిచూసే విభాగం అందులో కొర్రీ ఉంటే వెనక్కి పంపుతుంది, లేకపోతే ఉత్తర్వుల కోసం పైకి పంపుతుంది. ఉత్తర్వు చక్రాల విభాగానికి చేరుతుంది. నౌషీన్ చాలాసేపు చూసి, "పెట్టెలన్నీ సరిగ్గానే ఉన్నాయి సార్. కానీ ఇది కదలడానికి టైం పడుతుందేమో" అంది. టైం పట్టకుండా ఏ పని సక్రమంగా జరిగింది గనక? సర్టిఫికెట్ తీసుకుని ఇంటికొచ్చాను.

ఫిబ్రవరిలో రోబో వచ్చింది. నడుమెత్తు ఉంటుంది. కింద చక్రాలు, మధ్యలో ఫైళ్ళ అర, పైన రెండు కళ్ళు, వాటి కింద చిన్న తెర. ఫైలు అట్ట మీద రాసిన విషయం చదివి అది ఎవరికి చేరాలో తెలుసుకుంటుంది. ఆ ఇద్దరు జూనియర్ అసిస్టెంట్లూ నేను చెప్పింది చెప్పినట్టు కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ముప్ఫై ఆరేళ్ళలో నేను సొంతంగా తయారుచేసిన మొదటి వస్తువు అది. చూస్తే ముచ్చటేసింది.

పరాంకుశం గారు దాని చుట్టూ ఒకసారి తిరిగి రెండు సందేహాలు లేవనెత్తారు.

"కార్యాలయ వేళల్లో సీటు విడిచి వెళ్ళువారు మూవ్‌మెంట్ రిజిస్టరులో రాసి, అనుమతి పొంది వెళ్ళవలసి ఉన్నది. ఇది నిత్యం సీటు విడిచియే ఉండును. దీనికి అనుమతి ఎవరిచ్చారు?"

ఎవరూ ఇవ్వలేదు.

"రెండవది. దారిలో కుడికా ఎడమకా అన్నది ఇదియే నిర్ణయించునని కరపత్రంలో ఉన్నది. నిర్ణయాధికారం గెజిటెడ్ హోదా వారికి మాత్రమే దత్తం చేయబడినది. ఇది గెజిటెడా?"

కాదు. ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు వెలువడింది. రోబో వేసే ప్రతి అడుగుకూ ఆయన కంప్యూటర్‌కు విజ్ఞప్తి పంపి, ఉత్తర్వు అందాకే కదలాలి. నా బొమ్మలో పైకి వెళ్ళే బాణం ఒకటి ముందే ఉంది కాబట్టి ఇబ్బంది లేకపోయింది.

మర్నాడు పదిన్నరకు రోబో తన తొలి ఫైలుతో టపా విభాగం నుంచి బయల్దేరింది. ముందే అనుమతి ఉన్న నాలుగడుగులు వేసి ఆగింది. తెర మీద అక్షరాలు వచ్చాయి: "ఎదుట స్తంభం కలదు. ఎడమకు తిరుగుటకు అనుమతి కోరడమైనది."

గంట తర్వాత జవాబు: "సదరు స్తంభం ఎప్పటి నుండి కలదు?"

రోబో దగ్గర ఆ సమాచారం లేదు. భవనం కట్టినప్పటి కాగితాలు వెతికి నేను పంపాను. రెండో కొర్రీ వచ్చింది: "కుడికి తిరుగుటకు గల అవకాశాలను ఎందుకు పరిశీలించలేదు?" పరిశీలించాం. కుడివైపు కుళాయి ఉంది. మూడో కొర్రీ కుళాయి గురించి. మూడో రోజు సాయంత్రానికి రోబో పదకొండడుగులు ప్రయాణించింది. ఈలోగా ఆ ఫైలు తాలూకు నకలు కాగితాన్ని గవరయ్య జేడీ గారి బల్ల మీద పెట్టి, సంతకమైపోయి, తెచ్చి బీరువాలో సర్దేశాడు కూడా.

ఆ తర్వాత పరాంకుశం గారు వారం రోజులు సెలవు మీద వెళ్ళారు. ఇన్‌చార్జిగా పక్క జిల్లా అధికారి వచ్చారు. ఆయన నియమాలు క్షుణ్ణంగా తెలిసినవారు. ఇన్‌చార్జి అధికారి రోజువారీ పనులే చూడాలి గాని విధాన నిర్ణయాలు తీసుకోరాదు. తిన్నగా పోవడం రోజువారీ పని, మలుపు తిరగడం విధాన నిర్ణయం. "తిన్నగా వెళ్ళుటకు అనుమతించడమైనది" అని ఒకేసారి వారానికి సరిపడా ఉత్తర్వు ఇచ్చేశారు. రోబో వరండా పొడవునా తిన్నగా వెళ్ళి, రికార్డు గది గోడకు ముక్కు ఆనించి, ఆరు రోజులు అలాగే నిలబడింది. గవరయ్య రోజూ దాని నెత్తి మీద దుమ్ము తుడిచేవాడు.

రోబో పనితీరు చూడటానికి మార్చి ఇరవై నాలుగున ప్రధాన కార్యాలయం నుంచి కమిటీ వస్తుందని ఆ నెల మొదట్లోనే కబురొచ్చింది. నాకు భయం పట్టుకుంది. సాఫ్ట్‌వేర్ రూపకర్త అని కాగితాల్లో ఉన్నది నా పేరు. సర్వీసంతా పెద్దగా మాట పడకుండా నెట్టుకొచ్చి, చివరి నాలుగు నెలల్లో గోడకు ముక్కు ఆనించిన యంత్రంతో పేరు పోగొట్టుకోవాలా? నౌషీన్‌కు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను.

"సార్, ఒక్క విషయం చెప్పండి. మీ ఆఫీసులో ఫైళ్ళు నిజంగా ఎలా కదులుతాయి?"

"మాన్యువల్‌లో ఉందమ్మా. ముందు టపా..."

"అది కాదు సార్. కాళ్ళతో నడిచేది ఎవరు?"

"గవరయ్య."

"స్తంభం అడ్డొస్తే ఆయన ఎవరి పర్మిషన్ తీసుకుంటారు?"

నేను ఆలోచించాను. పద్నాలుగేళ్ళలో ఎవరి అనుమతీ తీసుకోలేదు. ఆ సంగతి ఇంతవరకు ఎవరూ గమనించకపోవడం అతని అదృష్టం.

"సార్, మీరు గీసిన బొమ్మలో ఆఫీసంతా ఉంది, అటెండరే లేడు. ఎక్కడికి వెళ్ళాలో పైవాళ్ళు చెప్తే చాలు. ఎలా వెళ్ళాలో అడక్కుండా చూసుకునే భాగం ఒకటి అడుగున ఉండాలి. నేను మొదటి రోజే చెప్పాను, మీరు టపా విభాగం గీస్తూ ఉన్నారు. ఇప్పుడొక పని చేద్దాం. రోబోని రెండు వారాలు ఆయన వెనకాలే తిప్పండి. చూసి నేర్చుకునే ప్రోగ్రాం నేను పంపిస్తాను."

జేడీ గారు సెలవు నుంచి వచ్చాక నోటు పెట్టాను. ఒకరి వెంట పోవడం నిర్ణయం కిందికి రాదు గనుక అనుమతి అక్కర్లేదని ఆయనే తేల్చారు. ఇక కదలికలన్నీ సాయంత్రం ఒకే జాబితాగా పెడితే జరిగిపోయినవాటికి ఆమోదం ఇస్తామన్నారు. మా శాఖలో సగం పనులు ఆ పద్ధతిలోనే నడుస్తాయి.

ఇక గవరయ్యను అడగాలి. నీ పొట్ట కొట్టబోయేదానికి నువ్వే పని నేర్పు అని ఏ ముఖంతో అడగను? సిగ్గుతో చచ్చిపోయాను. నేల చూస్తూ చెప్పాను.

"అంతేనేటి బాబూ" అన్నాడతను. "నేనూ ఒచ్చిన కొత్తలో ఆరు నెల్లు ఎవులికి ఏటివ్వాలో తెలీక తిరిగినాను. పాపం దానికి మాత్రం ఎవులున్నారు సెప్పండి? రానీండి."

ఆ పూట నుంచి రోబో అతని వెనకాలే. గవరయ్య దాన్ని "కొత్తాయన" అనేవాడు. మూల తిరిగే ముందు తాళాల గుత్తి గలగలలాడించేవాడు, అవతల టీ పళ్ళెంతో ఎవరైనా వస్తుంటే ఆగుతారని. జేడీ గారి తలుపు దగ్గర ఆగి లోపలి గొంతు వినేవాడు. లోపల ఫోన్‌లో కేకలు వినిపిస్తే పక్క గది ఫైళ్ళు ముందు ఇచ్చి వచ్చేవాడు. లోనికి వెళ్ళేముందు చిన్నగా దగ్గేవాడు. "కొత్తాయనా, ఇక్కడ గుమ్మం ఎత్తు, జాగర్త" అని వెనక్కి తిరిగి చెప్పేవాడు. పన్నెండో రోజున రోబో దగ్గింది. ఆఫీసంతా లేచి చూసింది. గవరయ్య అయితే పొంగిపోయాడు.

మార్చి ఇరవై నాలుగున ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చింది. రోబో ఫైలు తీసుకుని బయల్దేరింది. స్తంభాన్ని తప్పుకుంది, కుళాయి తడిని తప్పుకుంది. మూల దగ్గర గలగల శబ్దం చేసింది. తలుపు దగ్గర ఆగి, దగ్గి, లోపలికి వెళ్ళి ఫైలు అందించింది. మొత్తం మూడు నిమిషాలు. కమిటీ చప్పట్లు కొట్టింది.

"ఇది మా మార్గదర్శకత్వంలో రూపుదిద్దుకొనినది" అన్నారు పరాంకుశం గారు. కుర్చీ వరసల చివర నిలబడ్డ గవరయ్య అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. నాకు అక్కడ ఉండాలనిపించలేదు.

మర్నాడు రెండు ఉత్తర్వులు. ఇకపై జేడీ గారికి ఫైళ్ళు రోబో ద్వారానే చేరాలి. అటెండరు సేవల రద్దు ఫైలు వెంటనే సమర్పించాలి, దాన్ని కూడా రోబోయే తేవాలి. ఆ ఫైలు నేనే రాశాను. అట్ట మీద "విషయం: అటెండరు సేవల రద్దు" అని గుండ్రంగా రాశాను. 'ద్దు' దగ్గర సిరా పాకింది. ఫైలుకు తాడు కట్టింది గవరయ్యే. ముడి వదులుగా ఉంటే కాగితాలు జారిపోతాయని రెండో ముడి కూడా వేశాడు.

రోబో ఫైలు తీసుకుంది. జేడీ గారి తలుపు దాకా వెళ్ళింది. ఆగింది. లోపల ఎవరినో తిడుతున్న గొంతు వినిపిస్తోంది. వెనక్కి తిరిగి వచ్చేసింది. తెర మీద "సమయం అనుకూలంగా లేదు" అని ఉంది.

ఆ రోజు మిగతా ఫైళ్ళన్నీ ఇచ్చింది. ఆ ఒక్కటీ అరలో అడుగుకు చేరింది. ఇరవై ఆరున జేడీ గారు ఉదయం నుంచి ఏమీ తినలేదు, అనుకూలంగా లేదు. ఇరవై ఏడున ఆయన మంచి హుషారుగా ఉన్నారు, కానీ గవరయ్యకు జ్వరం. రోబో తలుపు దాకా వెళ్ళి, ఖాళీగా ఉన్న అతని స్టూలు దగ్గర కాసేపు నిలబడి, తిరిగొచ్చేసింది.

"సదరు ఫైలు ఎక్కడ?" అని జేడీ గారు అడిగారు.

"రోబో దగ్గరుంది సార్. గది బయటే ఉంది. అర తెరిచి తీసుకోవచ్చు."

"ఫైలు అధికారి వద్దకు రావలసి ఉన్నది గాని, అధికారి ఫైలు వద్దకు పోవుట కార్యాలయ సంప్రదాయం కాదు."

నౌషీన్‌కు ఫోన్ చేశాను. ఆ అమ్మాయి రోబో దాచుకున్న వివరాలన్నీ చూసి, గంట తర్వాత తనే చేసింది. నవ్వుతోందో మరేదో, గొంతు ఒకలా ఉంది.

"సార్, తప్పేమీ లేదు. ఈ రెండు వారాల్లో గవరయ్య గారు మూడొందల ఫైళ్ళు మోశారు. వాటిలో తొమ్మిదింటి మీద సస్పెన్షన్ అనో, రద్దు అనో, సంజాయిషీ అనో ఉంది. ఆ తొమ్మిదింటినీ ఆయన తిన్నగా తీసుకెళ్ళలేదు. సంతకం పెట్టేవాళ్ళు కోపంలో ఉంటే ఇవ్వలేదు, ఆకలి మీద ఉంటే ఇవ్వలేదు. దెబ్బ తగిలే మనిషి ఇంట్లో జబ్బుంటే అసలే ఇవ్వలేదు. ఇది నేర్పమని మనం చెప్పలేదు, ఆయనా నేర్పలేదు. అది చూసింది, నేర్చుకుంది."

పద్నాలుగేళ్ళు అతని చేతి టీ తాగాను. నాకు ఒకసారి సంజాయిషీ మెమో వచ్చినప్పుడు అది మా ఆవిడ ఆపరేషన్ అయిన వారానికి గాని ఎందుకు చేతికందలేదో అప్పుడు తెలిసింది.

"ఒక్క లైను మారిస్తే సరిపోతుంది సార్. ఇప్పుడే తిన్నగా వెళ్ళిపోతుంది. రూపకర్త మీరు. మార్చమంటారా?"

అది మార్చి ఇరవై ఎనిమిది. నేను జీవితంలో నాది కాని అధికారాన్ని ఎన్నడూ వాడలేదు.

"నాకు ఆ అధికారం లేదమ్మా" అన్నాను. "జేడీ గారి అనుమతి కావాలి. ఫైలు పెడతాను."

పెట్టాను. విషయం: "రద్దు ఫైలు జాప్యంపై రోబో సంజాయిషీ మరియు సాఫ్ట్‌వేర్ సవరణకు అనుమతి." నియమం ప్రకారం రోబో అరలోనే పెట్టాను. అది అట్ట మీద విషయం చదివింది. ఫైలు నెమ్మదిగా అడుగుకు చేరింది.

ఏప్రిల్ ఒకటో తేదీ ఉదయం పరాంకుశం గారు పెసరట్టు తిని వచ్చి, మనవడి అన్నప్రాశన ఫోటోలు చూసుకుంటూ నవ్వుకుంటున్నారు. అయిదు రోజులు మంచం మీద ఉన్న గవరయ్య జ్వరం తగ్గి పనిలోకి వచ్చాడు. పదీ నలభైకి తలుపు దగ్గర చిన్న దగ్గు వినిపించింది. రోబో లోపలికి వెళ్ళి రెండు ఫైళ్ళూ బల్ల మీద పెట్టింది.

ఆయన రద్దు ఫైలు మీద సంతకం పెట్టబోయి తేదీ చూశారు. గవరయ్య సేవలు ఆ ఉదయం నుంచే మరో ఏడాదికి కొనసాగుతున్నాయి. వచ్చే మార్చిలో మళ్ళీ సమర్పించాలి. అప్పటికి నేను ఉండను, ఆ సమర్పించేవాళ్ళెవరో వాళ్ళు చూసుకుంటారు.

ఆయన కోపం చూడాల్సిందే. పావుగంటలో మెమో తయారైంది: "సదరు రోబో ఒక ముఖ్యమైన ఫైలును ఏడు రోజులు తన వద్ద ఉంచుకొని విధి నిర్వహణలో నిర్లక్ష్యం వహించినందున, క్రమశిక్షణా చర్య ఎందుకు తీసుకోరాదో మూడు రోజుల్లో తెలుపవలెను." తన మెమో తానే మోసుకోవడం కుదరదు. మెమోను అటెండరు స్వయంగా అందించి రసీదు పొందాలని మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది. జేడీ గారు గవరయ్యను పిలిచి కాగితం చేతికిచ్చారు.

గవరయ్య మెమో పట్టుకుని వరండాలోకి వచ్చాడు. నేనూ వెనకే వెళ్ళాను. రోబో గోడ పక్కన ప్లగ్గుకు తగిలించుకుని ఛార్జింగ్ అవుతోంది. దాని ఎర్ర దీపం మెల్లగా వెలుగుతూ ఆరుతోంది. అతను దాని ముందు నిలబడి కాసేపు చూశాడు. తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఇవ్వవా గవరయ్యా?"

"తింతున్నోడికి ఎవులైనా మెమో ఇత్తారేటి బాబూ? తిననీండి" అని, నాకు టీ తేవడానికి వెళ్ళాడు.